మొహమాటానికి రసీదు ఉండదు

2015 నవంబరు వానలకు నెల్లూరు జిల్లా దక్షిణాన ఊళ్ళకు ఊళ్ళు నీళ్ళలో చిక్కుకున్నప్పుడు, మేము కొందరం మిత్రులం నగరంలో వీధివీధీ తిరిగి చందాలు వసూలు చేశాం. మూతకు చీలిక పెట్టిన పాలపొడి డబ్బా ఒకటి, రసీదు పుస్తకం ఒకటి మా ఆస్తి. స్టోన్‌హౌస్‌పేటలో ఒక సందు చివర, అరుగు మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. "వరద బాధితుల కోసం అమ్మా" అన్నాం. ఆమె లోపలికి వెళ్ళి చాలాసేపటికి తిరిగి వచ్చింది. కొంగు ముడి విప్పి ఐదు వందల నోటు ఇచ్చింది. అప్పుడు వృద్ధాప్య పింఛను నెలకు వెయ్యి రూపాయలు. అంతకు ఏడాది ముందు వరకు అది రెండు వందలే. అంటే ఆమె నెల గడవడానికి ఉన్న డబ్బులో సగం మా డబ్బాలో పడింది. మేము చప్పట్లు కొట్టాం. ఆమెను మధ్యలో నిలబెట్టి ఫొటో తీశాం. పక్క వీధిలో ఆ ఫొటో చూపించి, "పింఛను మీద బతికే అవ్వే ఐదు వందలు ఇచ్చింది, మీరు యాభై ఇస్తారా?" అని అడిగాం. వసూళ్ళు బాగా పెరిగాయి.

ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా పక్కదారి పట్టలేదు. బియ్యానికెంత, దుప్పట్లకెంత, లారీ బాడుగకెంత అన్నీ రాసి గోడకు అంటించాం. ఇప్పుడు తలచుకుంటే నాకు సిగ్గు వేసేది ఆ లెక్కలో లేని సంగతి గురించే. అవ్వకు కాదనే వీలు ఉందా? ఐదుగురం కుర్రవాళ్ళం గుమ్మం ముందు నిలబడి ఉన్నాం. ఇరుగుపొరుగు వాళ్ళు తొంగి చూస్తున్నారు. ఆమె లోపల గడిపిన ఆ చాలాసేపు దేనితో పెనుగులాడిందో మేము అడగలేదు.

విరాళాల గురించి మాట రాగానే మనకు మోసమే గుర్తుకొస్తుంది. దొంగ ట్రస్టులు, నకిలీ క్యూఆర్ కోడ్‌లు, లేని అనాథాశ్రమం పేరుతో వచ్చే వాట్సాప్ సందేశాలు. నిజానికి ఇందులో చిక్కుముడి ఏమీ లేదు. అది నేరం. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, మిగతాది పోలీసుల పని. చిక్కంతా మోసం లేని చోట ఉంది. సంస్థ నిజమైనది, అవసరం నిజమైనది, అడిగే మనిషి మంచివాడు. అయినా ఇచ్చిన మనిషికి నష్టం జరిగింది. దీన్ని పట్టుకునే వల మన చట్టాల్లో దాదాపు లేదు.

ఎందుకు లేదో చూద్దాం. మన చట్టాలు డబ్బు వెంట నడుస్తాయి. సంస్థ సొసైటీ అయితే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, ట్రస్టు అయితే సబ్ రిజిస్ట్రార్ దగ్గర దస్తావేజుతో పుడుతుంది. పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు కావాలి. ఏటా లెక్కలు ఆడిట్ చేయించాలి, ఎవరెవరు ఎంత ఇచ్చారో జాబితా సమర్పించాలి. విదేశాల నుంచి డబ్బు వస్తే దానికి 2010 చట్టం ఉంది. గుడి హుండీకి 1987 నాటి దేవాదాయ చట్టం ఉంది. ఇవన్నీ అడిగే ప్రశ్న ఒక్కటే: వచ్చిన డబ్బు ఎటు వెళ్ళింది? ఆ డబ్బు ఎలా వచ్చింది, ఎవరి దగ్గర, ఏ వేళప్పుడు, ఎన్నిసార్లు అడిగితే వచ్చింది అన్నది ఏ ఆడిటరూ చూడడు. రసీదు పుస్తకంలో దానికి గడి లేదు.

(హుండీ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. హుండీకి ఒక మర్యాద ఉంది. అది ఎవరి ఇంటికీ రాదు, ఎవరి పేరూ పిలవదు, ఎవరు ఎంత వేశారో పక్కవాడికి చెప్పదు. పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడే మనిషి సంగతి వేరు.)

గుమ్మం దగ్గర తరచుగా వినపడే మాట ఇంకొకటి ఉంది: "మాకు 80జి ఉందండీ." దీన్ని చాలామంది ప్రభుత్వం ఇచ్చిన మంచితనపు ముద్ర అనుకుంటారు. అది విరాళం ఇచ్చినవారికి దక్కే పన్ను మినహాయింపు మాత్రమే. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఆ మినహాయింపు దక్కదు. అసలు పన్ను కట్టేంత ఆదాయమే లేని పెద్దవారికి దానితో పనే లేదు. రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇస్తే పాత విధానంలో ఉన్నవారికి కూడా వర్తించదు. వృద్ధాప్య పింఛను తీసుకునే మనిషికి 80జి గురించి చెప్పడమంటే, బోడి తలకు దువ్వెన అమ్మడమే.

ఇక బలహీనులు ఎవరు? ఈ ప్రశ్నకు మనం చప్పున వృద్ధులు, చదువు రానివారు అని జాబితా చదువుతాం. నా అనుభవంలో బలహీనత మనిషిలో కంటే కాలంలో ఎక్కువగా ఉంటుంది. పొగతోటలో ఏదో ఒక ఆసుపత్రి మెట్ల మీద, లోపల ఆపరేషన్ జరుగుతుండగా కూర్చున్న లెక్చరర్‌ను తీసుకోండి. మామూలు రోజున బ్యాంకు మేనేజర్‌కే లెక్కలు చెప్పగలడు. ఆ గంటలో మాత్రం ఎవరైనా వచ్చి "పసిబిడ్డ గుండె జబ్బు, మీరు సాయం చేస్తే మీ వాళ్ళకూ మేలు జరుగుతుంది" అంటే పర్సు మొత్తం ఇచ్చేస్తాడు. భర్త పోయి పెద్దకర్మ అయిన వారానికి వచ్చే "ఆయన పేరుతో శాశ్వత అన్నదానం" అనే ఫోను కూడా అలాంటిదే. ఉద్యోగ విరమణ డబ్బు ఖాతాలో పడిన నెల కూడా అంతే. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గరికి సంతాన రొట్టె కోసం, ఆరోగ్య రొట్టె కోసం వచ్చే వేలమందిని చూడండి. వాళ్ళలో చాలామంది ఏదో ఒక దుఃఖాన్ని మోసుకొచ్చినవారే. అడిగేవాళ్ళకు ఇది బాగా తెలుసు. అందుకే అక్కడ డబ్బాలు కూడా ఎక్కువ.

మనసు కాస్త కుదుటపడ్డాక ఈ బలహీనతల్లో చాలావరకు పోతాయి. పోనిది ఒకటుంది. ఒంగోలులో మా పెద్దమ్మ రిటైరైన టీచరు. ఒకసారి ఆమె బీరువా సర్దుతుంటే ఒకే సంస్థ రసీదులు మూడు దొరికాయి. మూడూ ఒకే నెలవి. మొదటిది ఐదు వందలు, రెండోది వెయ్యి, మూడోది రెండు వేలు. "ఇన్నిసార్లు ఎందుకిచ్చావు పెద్దమ్మా?" అంటే, "ఈ నెల ఇంకా ఇవ్వలేదు కదా అనుకున్నానురా" అంది. అప్పటికి మాకెవరికీ ఆమె మతిమరుపు ఒక జబ్బుగా కనిపించలేదు. డాక్టరు ఆ మాట చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది. నేను ఆ సంస్థకు ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, "ఆవిడే ఇచ్చారండీ, ప్రతిసారీ రసీదు ఇచ్చాం" అంది. నిజమే, ఇచ్చారు. కుటుంబం కంటే ముందే ఆ జబ్బు ఆనవాలు కనిపించిన చోటు వాళ్ళ పుస్తకమే. ఒకే మనిషి ఒకే నెలలో మూడుసార్లు, ప్రతిసారీ రెట్టింపు. దాన్ని ఆనవాలుగా చూసే అలవాటు వాళ్ళకు లేదు. వాళ్ళ పుస్తకంలో ఆమె "మంచి దాత", అంటే మళ్ళీ ఫోన్ చేయదగిన మనిషి.

ఈ అలవాటు ఎంత దూరం పోగలదో ఇంగ్లండ్ 2015లో చూసింది. బ్రిస్టల్ నగరంలో ఆలివ్ కుక్ అనే 92 ఏళ్ళ స్త్రీ ఉండేది. మాజీ సైనికుల సహాయ నిధి కోసం ఏటా నవంబరులో కాగితపు గసగసాల పూలు అమ్మే పనిని 76 ఏళ్ళు చేసింది. ఆ ఏడాది మే నెలలో ఆమె చనిపోయింది. ఆమె మరణానికి విరాళాల సంస్థలు కారణం కాదని కుటుంబమే స్పష్టంగా చెప్పింది. పత్రికలు కొన్ని ఆ మాటను పక్కన పెట్టి గోల చేశాయి, అది వేరే సంగతి. తరువాత జరిగిన విచారణలో బయటపడింది మాత్రం గోల కాదు. 99 సంస్థల దగ్గర ఆమె వివరాలున్నాయి. ఒక్క ఏడాదిలో ఆమె ఇంటికి వచ్చిన ఉత్తరాలు నాలుగు వందలకు పైనే. ఆమె చాలా సంస్థలకు తన చిరునామా ఇవ్వనే లేదు. ఒకరి దగ్గర నుంచి ఒకరికి జాబితాలు చేతులు మారాయి. ఇందులో దొంగ సంస్థ ఒక్కటీ అక్కర్లేదు. తొంభై తొమ్మిది మంచి సంస్థలు చాలు.

దాని ఫలితంగా 2016లో చట్టం మార్చారు. విరాళాలు అడిగే తీరు మీద ఫిర్యాదులు వినడానికి ఆ ఏడాదే ఒక నియంత్రణ సంస్థ మొదలైంది. మరుసటి ఏడాది ఇంకో ఏర్పాటు వచ్చింది. ఫలానా సంస్థ నన్ను ఇక అడగకూడదు అని ఎవరైనా అక్కడ చెప్పవచ్చు, పెద్దవారి తరఫున బంధువులూ చెప్పవచ్చు. ఆ చట్టం అడిగేవాళ్ళ తప్పును మూడుగా విడదీసింది. ఏకాంతంలోకి అతిగా చొరబడడం ఒకటి. వద్దన్నా వెంటపడడం రెండోది. మూడోది ఇవ్వక తప్పని ఒత్తిడి పెట్టడం. దాతకు తాను చేస్తున్నది అర్థమయ్యే స్థితి లేదని అడిగేవాళ్ళకు తెలిసినా, అలా అనుకోవడానికి కారణం కనిపించినా, విరాళం తీసుకోకూడదని అక్కడి నియమావళి చెబుతుంది. పుచ్చుకున్నాక ఆ సంగతి రుజువైతే తిరిగి ఇచ్చేయాలి. నాకు నచ్చింది బాధ్యత ఎవరి మీద పెట్టారన్నది. జాగ్రత్తగా ఉండాల్సింది ముసలమ్మ కాదు, ఆమె గుమ్మం ఎక్కినవాడు.

మూడో తప్పుకు మన భాషలో ఒక అందమైన మాట ఉంది, మొహమాటం. ఎదుటివాడి మొహం చూశాక కాదనలేకపోవడం. మన దగ్గర వసూళ్ళలో సగం నడిచేది దాని మీదే. పరిచయస్తుడిని వెంటబెట్టుకుని రావడం, నలుగురిలో మైకులో పేరు చదవడం, పక్కింటివాళ్ళు ఎంత ఇచ్చారో రసీదు తిప్పి చూపించడం, పిల్లవాడి చేత అడిగించడం. వీటిలో దేనికీ శిక్ష లేదు. ఇవి తప్పు అని కూడా మనం అనుకోం. పైగా వీటిలో ఆరితేరినవాడిని "వసూళ్ళలో మొనగాడు" అంటాం.

మనకు అడిగే మర్యాద తెలియక కాదు. ధనుర్మాసంలో హరిదాసు వస్తాడు. నెత్తి మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు. గుమ్మం ముందు ఎవరినీ నిలదీయడు. బియ్యం పోస్తే వంగి పోయించుకుంటాడు, పోయకపోతే పాట ఆగకుండానే ముందుకు సాగుతాడు. మనం కాదనే మాటకు కూడా ఒక మెత్తని పద్ధతి ఉండేది: "చెయ్యి ఖాళీ లేదు నాయనా, ముందుకు వెళ్ళు." ఆ అబద్ధం అబద్ధమని ఇద్దరికీ తెలుసు, ఎవరికీ నొప్పి లేదు. మధూకరం అన్న మాట చూడండి. తేనెటీగ ఒక్కో పువ్వు దగ్గర రవ్వంతే తీసుకున్నట్టు, ఒక్కో ఇంట ఒక్కో ముద్ద. ఇప్పటి పద్ధతి దానికి తలకిందులు. ఇచ్చిన పువ్వు దగ్గరికే పదిసార్లు రావడం, వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ అడగడం.

మంచి పని కోసం చేస్తున్నప్పుడు ఒత్తిడి తప్పెలా అవుతుందని అడిగేవాళ్ళుంటారు. నేనూ ఒకప్పుడు అడిగినవాడినే. 1921 ఏప్రిల్‌లో పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని ప్రారంభించడానికి వచ్చిన గాంధీ, ఆ రోజుల్లో తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేసే పనిలో ఉన్నాడు. ఆయనను మించిన వసూలుదారు ఈ దేశంలో పుట్టలేదేమో. 1934 జనవరిలో కేరళలోని వడకర సభలో కౌముది అనే పదహారేళ్ళ అమ్మాయి ఒంటి మీది నగలు ఒక్కొక్కటే తీసి ఇస్తుంటే, జనం హర్షధ్వానాలు చేస్తున్నారు. ఆయన మాత్రం "మీ అమ్మానాన్నల అనుమతి ఉందా?" అని అడిగాడు. జవాబు రాకపోతే మళ్ళీ అడిగాడు. తండ్రి ఆ సభలోనే ఉన్నాడని వేరెవరో చెప్పారు. ఈ సంగతి ఆయనే హరిజన్ పత్రికలో రాశాడు. చప్పట్ల మధ్య అడిగేవాడే తటపటాయించడం, మేము స్టోన్‌హౌస్‌పేటలో చేయనిది అదే.

ఇక్కడి చట్టాల్లో ఆసరా బొత్తిగా లేదని కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ అనుచిత ప్రభావం గురించి చెబుతుంది. వయసు వల్ల, జబ్బు వల్ల, మానసిక వేదన వల్ల మనసు చెదిరిన మనిషితో చేయించుకున్నది చెల్లకుండా చేయవచ్చు. కోర్టులు దాన దస్తావేజులకూ ఈ సూత్రాన్నే వర్తింపజేశాయి. కాని ఇది ఇల్లో పొలమో రాయించుకున్నప్పుడు పనికొస్తుంది. రెండు వేల రసీదు పట్టుకుని కోర్టు మెట్లు ఎవరెక్కుతారు? ఆస్తి రాసిస్తే చివరిదాకా చూసుకుంటామనే ఆశ్రమాల విషయంలో 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ గుర్తుంచుకోవాలి. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూసుకోకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. సెక్షన్‌లో కన్నబిడ్డలని మాత్రమే లేదు, పుచ్చుకున్నవారు అని ఉంది. ఆ షరతు దస్తావేజులో అక్షరాలా ఉండేలా చూసుకోవాలి, నోటిమాట రుజువు చేయడం కష్టం.

ఫోన్ల సంగతి కొంత తేలిక. యూపీఐలో నెలనెలా డబ్బు దానంతట అదే వెళ్ళేలా పెట్టిన అనుమతులన్నీ యాప్‌లో ఆటోపే అనే చోట ఒకే జాబితాగా కనిపిస్తాయి. అక్కడే రద్దు చేయవచ్చు, సంస్థకు ఫోన్ చేసి బతిమాలనక్కర్లేదు. ఇంట్లో పెద్దవారి ఫోనులో ఆ జాబితాను వారితో కలిసి ఒక్కసారి చూడండి. సలహా కావాలంటే వృద్ధుల సహాయవాణి 14567 ఉంది.

ఈ కథలో ఇంకొక బలహీనుడు ఉన్నాడు. ఎవరి పేరుతో అడుగుతున్నారో ఆ మనిషి. ఆశ్రమం పిల్లల మొహాలు, పేర్లు, "తల్లి వదిలేసింది" వంటి కథలు కరపత్రాల మీద వేస్తారు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉండవచ్చు. ఏడుస్తున్న బిడ్డ ఫొటో లేకపోతే చందా రాదనేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ బిడ్డ పదేళ్ళ తరువాత కాలేజీలో చేరుతుంది, ఆ ఫొటో అప్పటికీ ఎవరి ఫోనులోనో ఉంటుంది.

ఇంత చెప్పాక, దీనికి రెండో అంచు ఒకటుంది. రక్షణ అనగానే మన ఇళ్ళలో మొదట జరిగేది పెద్దవారి చేతి నుంచి పాసుపుస్తకం లాక్కోవడం. మా పెద్దమ్మ రసీదులు చూసి నేను చేసిన పని అదే, ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "నలభై ఏళ్ళు సంపాదించిన దానిని, నాకు ఇవ్వాలనిపిస్తే నీ సంతకం కావాలా?" అంది. ఆ మాటలో మతిమరుపు ఏమీ లేదు. ఇంగ్లండ్‌లో 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం దీన్ని బాగా చెప్పింది. ఎవరికైనా నిర్ణయించుకునే శక్తి ఉందనే మొదట భావించాలి, తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన శక్తి లేదనకూడదు. ముసలివాళ్ళను అడగవద్దు అనడం తప్పు. అడిగేవాడు కాస్త ఆగాలి, అంతే. అదే ప్రశ్నను మనిషి మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే, అన్నింటికీ తలూపుతుంటే, ఇచ్చే మొత్తం ఇంటి తీరుకు పొసగకపోతే, ఆ రోజు నమస్కారం పెట్టి కాగితం ఒకటి చేతికిచ్చి రావాలి. ఇంట్లోవాళ్ళతో మాట్లాడమని చెప్పాలి. వసూలు చేసేవారికి నెలకు ఇంత తేవాలని లక్ష్యం పెట్టి, తెచ్చినదాన్ని బట్టి జీతమిచ్చే సంస్థ నుంచి మాత్రం ఇలా ఆగే గుణాన్ని ఆశించలేం.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు మళ్ళీ డబ్బా పట్టుకున్నాం. ఈసారి ముందే అనుకున్నాం. ఇంటికి ఇద్దరే వెళ్ళాలి, ఫొటోలు వద్దు, పింఛను మీద బతికేవారి దగ్గర ఆ రోజు యాభైకి మించి తీసుకోవద్దు. అంతకన్నా ఎక్కువ ఇస్తామంటే ఆదివారం వస్తామని చెప్పాలి. అప్పటికి పింఛను 2,250 రూపాయలు. సంతపేటలో ఒక అవ్వ ఐదు వందలు తీసింది. మేము మా నియమం చెప్పాం. ఆమె మొహం ఎర్రబడింది. "నా డబ్బుకు నువ్వు కొలత పెడతావా నాయనా? మా ఇంట్లోవాళ్ళు పెట్టే కొలతలు చాలవా?" అని తలుపు వేసుకుంది. యాభై కూడా ఇవ్వలేదు.

ఆదివారం వెళ్ళాం. మమ్మల్ని గుర్తుపట్టి లోపలికి రమ్మంది. మూడు వంద నోట్లు తెచ్చి, రెండుసార్లు లెక్కపెట్టి, రెండు నా చేతిలో పెట్టింది. మూడోది కొంగున ముడివేసుకుంటూ "బీపీ మాత్రలకు" అంది. నేను రసీదు రాస్తుంటే తొంగి చూసి, పేరులో ఒక దీర్ఘం తప్పిందని దిద్దించింది.